ఉబ్బిన నరాలు ఒక కాలిలో, బాధ మరో కాలిలో: ఇవి వెరికోస్ వెయిన్స్ లక్షణాలేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఉపాధ్యాయురాలిని, వయసు నలభై దాటింది. కూర్చుని పాఠం చెప్పే అలవాటు లేనందువల్ల రోజులో ఎక్కువ భాగం నిలబడే ఉంటాను. నా ఎడమ మోకాలి లోపలివైపు మొదలై పిక్క మీదుగా చీలమండ వరకు మెలికలు తిరిగిన నీలి నరాలు కొన్నేళ్లుగా ఉబ్బి కనిపిస్తున్నాయి. మా అమ్మగారికి కూడా ఇలాగే ఉండేవి కాబట్టి అవి వెరికోస్ వెయిన్స్ అని నాకు తెలుసు. చూడటానికి బాగుండవన్న ఇబ్బందే తప్ప, వాటి వల్ల ఆ కాలిలో చెప్పుకోదగ్గ బాధ ఏమీ లేదు.

బాధంతా కుడి కాలితోనే. ఉదయం లేచినప్పుడు మామూలుగా ఉండే కాలు మధ్యాహ్నం దాటేసరికి బరువెక్కడం మొదలవుతుంది. సాయంత్రానికి పిక్క బిగదీసినట్లు, లోపల ఏదో నిండిపోయినట్లు అనిపిస్తుంది. ఇంటికి వచ్చి సాక్సు తీస్తే అంచు ఉన్నచోట చుట్టూ లోతుగా అచ్చు పడి ఉంటుంది. ఎడమ కాలికి అంత లోతుగా పడదు. చీలమండకు కాస్త పైన, లోపలివైపు దురద పెడుతుంది. కొన్ని రాత్రులు పిక్క పట్టేసి మెలకువ వచ్చేస్తుంది. ఇంత బాధ ఉన్నా ఆ కాలి మీద సన్నటి ఎర్రటి గీతలు కొన్ని తప్ప ఉబ్బిన నరం ఒక్కటీ కనిపించదు.

పైకి ఏమీ కనిపించని కాలిలో కూడా ఈ వ్యాధి లక్షణాలు ఉంటాయా, లేక వేరే కారణంతో వచ్చిన బాధను నేను దీనికి అంటగడుతున్నానా అన్నది నా సందేహం. త్వరలో వైద్యుడిని కలవబోతున్నాను. ఆలోగా ఏయే విషయాలు గమనించి చెబితే ఆయనకు ఉపయోగపడతాయో అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

జవాబు (చాలా ఏళ్లుగా ఈ సమస్య ఉన్న ఒక పాఠకుడు)

అమ్మా, మీరు రాసినవాటిలో నాకు బాగా పరిచయమైనవి రెండు: సాయంత్రపు బరువు, సాక్సు అచ్చు. నా రెండు కాళ్లలోనూ ఈ సమస్య ఉంది. నా అనుభవంలో తేలింది ఏమిటంటే, బాధ ఎంత ఉందన్నదానికంటే అది ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే తగ్గుతోంది అన్నదే ఎక్కువ సంగతి చెబుతుంది. ఒకేచోట కదలకుండా నిలబడితే అరగంటలో పిక్కలు సలపడం మొదలవుతుంది. అదే సమయం నడిస్తే అంత బాధ ఉండదు. ఇంటికి వచ్చి పడుకుని కాళ్లు దిండ్ల మీద, గుండెకంటే ఎత్తుగా ఉండేలా పెట్టుకుంటే కొద్దిసేపట్లోనే పిక్కల్లోని బిగువు సడలుతుంది. ఎండలు ముదిరినప్పుడు, వేడి నీళ్లతో స్నానం చేసినప్పుడు మంట, బరువు ఎక్కువవుతాయి. బస్సులో సీటు అంచు తొడ వెనుక ఒత్తుకునేలా చాలాసేపు కూర్చున్నా అంతే.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. కాళ్లలో వచ్చే ప్రతి నొప్పినీ ఈ నరాల ఖాతాలో వేయకూడదు. నాకు మెట్లు దిగేటప్పుడు మోకాలిలో వచ్చే నొప్పి కీలు అరుగుదలకు సంబంధించినదని తరువాత తేలింది. కాళ్లు ఎత్తిపెట్టినా, పెట్టకపోయినా అది మారేది కాదు. మీరు కూడా కుడి కాలి బాధను ఈ ప్రశ్నతో పరీక్షించి చూడండి: పడుకుని కాలు ఎత్తి ఉంచితే తగ్గుతోందా, లేదా?

జవాబు (రక్తనాళాల శస్త్రవైద్యుడు)

ఉపాధ్యాయురాలు గారు అడిగిన ప్రశ్న మా ఓపీలో కూడా తరచుగా వినబడుతుంది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. చూసి, పరీక్షించి చెప్పవలసిన సంగతులను నేను ఇక్కడ తేల్చడం లేదు.

మనం నిలబడి ఉన్నప్పుడు పాదం దగ్గరి సిరల్లో (రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే నాళాలివి, వాడుకలో మీరు నరాలు అంటున్నవి ఇవే) పీడనం సుమారు 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. గుండె నుంచి పాదం వరకు ఉన్న రక్తపు బరువంతా అక్కడే పడుతుంది మరి. నడిచేటప్పుడు పిక్క కండరం ప్రతి అడుగుకూ బిగుసుకుని ఆ రక్తాన్ని పైకి నెడుతుంది, సిరల్లోని కవాటాలు అది మళ్లీ కిందికి జారకుండా మూసుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న కాలిలో కొద్ది అడుగులు వేసేసరికి ఆ పీడనం 30 లోపుకు దిగిపోతుంది. కవాటాలు సరిగా మూసుకోని కాలిలో అది అంతగా దిగదు. దిగని ఆ పీడనమే బరువుకు, సలుపుకు, వాపుకు, చివరకు చర్మం దెబ్బతినడానికి కూడా మూలం. ఉబ్బిన నరం దాని ఫలితాల్లో ఒకటి మాత్రమే. చర్మానికి దగ్గరగా ఉన్న సిర సాగితే మనకు కనిపిస్తుంది. కండరాల మధ్య లోతుగా ఉన్న సిరలో కవాటాలు దెబ్బతింటే పైకి ఏమీ కనిపించదు, కానీ కాలు మాత్రం బరువెక్కుతుంది. అందువల్ల పైకి నరాలు లేని కాలిలో సిరల సంబంధమైన బాధ ఉండటం పూర్తిగా సాధ్యమే.

దీనికి ఎదురుగా, పెద్ద నరాలు ఉండీ బాధ లేకపోవడం కూడా అంతే మామూలు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో 18 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న 1,566 మంది స్త్రీపురుషులను పరీక్షించి చేసిన అధ్యయనం ఫలితాలు 1999లో వెలువడ్డాయి. బరువు లేదా బిగువు, వాపు, సలుపు, కాళ్లు కదపకుండా ఉండలేకపోవడం, పిక్కలు పట్టేయడం, దురద, తిమ్మిరి అనే ఏడు లక్షణాల గురించి వారిని అడిగారు. ప్రధాన సిరలు ఉబ్బి ఉండటానికీ ఈ లక్షణాలకూ స్పష్టమైన సంబంధం స్త్రీలలో బరువు, సలుపు, దురదల విషయంలోనే కనిపించింది; పురుషులలో దురద విషయంలో మాత్రమే. అక్కడ కూడా, ఒక వ్యక్తి చెప్పిన లక్షణాన్ని చూసి ఆ కాలిలో సిరల జబ్బు ఉందని తేల్చగలిగేంత గట్టి సంబంధం కాదది. పిక్కలు పట్టేయడం ఈ జాబితాలో నిలబడలేదని గమనించండి. రాత్రిపూట పిక్క పట్టేయడం సిరల జబ్బు ఉన్నవారికీ వస్తుంది, లేనివారికీ వస్తుంది. మీ లక్షణాలలో దానికి నేను తక్కువ విలువ ఇస్తాను. ఒక కాలిలోనే సాయంత్రం వచ్చే వాపుకు, చీలమండ పైన లోపలివైపు దురదకు ఎక్కువ విలువ ఇస్తాను.

మీరు చెప్పిన సన్నటి ఎర్రటి గీతలు వెరికోస్ వెయిన్స్ కావు. ఒక మిల్లీమీటరు కంటే సన్నగా, చర్మంలోనే ఉండే కేశనాళికల వంటివి అవి. నిలబడినప్పుడు 3 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి వెడల్పు ఉన్న సిరనే వెరికోస్ వెయిన్ అంటాము. ప్రపంచమంతటా వైద్యులు వాడే వర్గీకరణలో సన్న గీతలు మొదటి దశ, ఉబ్బిన సిరలు రెండవది, వాపు మూడవది, చర్మంలో మార్పులు నాలుగవది, మానిన పుండు ఐదవది, మానని పుండు ఆరవది. ఇవి తప్పనిసరిగా ఒకదాని తరువాత ఒకటి వచ్చే మెట్లు కావు. ఎంతోమంది రెండవ దశలోనే జీవితాంతం ఉండిపోతారు, కొందరికి రెండవది కనిపించకుండానే మూడవది వస్తుంది. పైకి చూస్తే మీ ఎడమ కాలు రెండవ దశలో ఉంది, కుడి కాలి వాపు సిరల వల్లనేనని తేలితే అది మూడవ దశ అవుతుంది. అంటే చూడటానికి బాగున్న కాలే ముందు పరీక్షించవలసిన కాలు.

ఇతర కారణాలను విడదీయడానికి కొన్ని ప్రశ్నలు అడుగుతాను. కొంత దూరం నడిచాక పిక్కలో నొప్పి వచ్చి, ఆగి నిలబడితే రెండు మూడు నిమిషాల్లో తగ్గి, మళ్లీ అంతే దూరం నడిస్తే తిరిగి వస్తోందా? అలా అయితే సిరలను కాదు, గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే ధమనులను అనుమానించాలి. ధమనులు బాగా ఇరుకైనవారికి రాత్రి పాదంలో నొప్పి వస్తే కాలు మంచం మీద నుంచి కిందికి వేలాడేస్తే హాయిగా ఉంటుంది. సిరల జబ్బులో సరిగ్గా దీనికి తలకిందులుగా, ఎత్తిపెడితేనే హాయి. నొప్పి పిరుదు నుంచి మొదలై తొడ వెనుకగా పాదం వరకు జివ్వున పాకుతోందా? అది నడుము దగ్గరి నాడికి (నెర్వ్‌కు) సంబంధించినది కావచ్చు. వాపు రెండు కాళ్లలోనూ సమానంగా ఉంటే గుండె, మూత్రపిండాలు, కాలేయం సంగతి చూడాలి, వాడుతున్న మందులూ చూడాలి. రక్తపోటుకు ఇచ్చే ఆమ్లోడిపిన్ వల్ల చీలమండలు వాచడం చాలా మామూలు విషయం. ఇక అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: ఆ కుడి కాలికి ఎప్పుడైనా ఎముక విరగడం, కట్టు కట్టడం, పెద్ద శస్త్రచికిత్స తరువాత చాలాకాలం మంచం పట్టడం వంటివి జరిగాయా?

జవాబు (తల్లిని చూసుకుంటున్న ఒక పాఠకురాలు)

దురద గురించి రాయాలని ఈ చర్చలోకి వచ్చాను, ఎందుకంటే మా అమ్మ విషయంలో అందరూ తేలికగా తీసుకున్నది దాన్నే. చీలమండ పైన లోపలివైపు, అరచేయంత మేర, చర్మం పొడిబారి పొలుసులుగా లేచేది. అది తామర అని చెప్పి ఒకచోట పూతమందు ఇచ్చారు. నెలలు గడిచినా తగ్గలేదు. క్రమంగా ఆ చోటు తుప్పు రంగులోకి, తరువాత ముదురు గోధుమ రంగులోకి మారింది. వేలితో ఒత్తితే మెత్తగా దిగవలసిన చర్మం గట్టిగా, కిందనున్న ఎముకకు అతుక్కుపోయినట్లు తగిలేది. పిక్క మామూలుగానే ఉండి చీలమండ పైభాగం మాత్రం సన్నగా బిగుసుకుపోవడం వల్ల కాలి ఆకారమే మారింది. గోకినప్పుడు పడిన చిన్న గీత పుండుగా మారి, ఎన్ని కట్లు కట్టినా మానని స్థితి వచ్చాక గానీ మమ్మల్ని రక్తనాళాల వైద్యుడి దగ్గరకు పంపలేదు.

ఆ వైద్యుడు వివరించిన దాని ప్రకారం, పీడనం ఎక్కువైన సన్న నాళాల నుంచి ఎర్ర రక్తకణాలు బయటికి చిమ్మి, వాటిలోని ఇనుము చర్మంలో పేరుకుపోవడమే ఆ మచ్చ. ఆయన కట్టించిన బిగుతు కట్లతో, ఆ తరువాత పాడైన సిరను లోపలి నుంచి వేడితో మూసివేసిన చికిత్సతో పుండు మానింది, కానీ రంగు మాత్రం పూర్తిగా పోలేదు. ఆ వయసులో ఆమె పడిన బాధ తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఉపాధ్యాయురాలు గారూ, మీకు దురద పెట్టేచోట చర్మాన్ని పగటి వెలుతురులో, రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. రంగులో తేడా ఉందా, ఒత్తితే గట్టిదనంలో తేడా ఉందా అన్నది వైద్యుడికి తప్పక చెప్పండి.

జవాబు (నర్సు)

గర్భిణులు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే వారి కోసం రెండు మాటలు. గర్భధారణలో రక్తం పరిమాణం పెరగడం, హార్మోన్ల ప్రభావంతో సిరల గోడలు సడలడం, పెరిగిన గర్భాశయం కటిభాగంలోని సిరలను ఒత్తడం వల్ల కాళ్లలోనే కాక మర్మావయవాల దగ్గర కూడా నరాలు ఉబ్బి బరువుగా అనిపించవచ్చు. ఇది చెప్పుకోవడానికి చాలామంది సిగ్గుపడతారు. చెప్పండి, వినడానికే మేము ఉన్నాము. ప్రసవం తరువాత కొన్ని నెలల్లో ఇవి చాలావరకు తగ్గుముఖం పడతాయి. అయితే గర్భధారణలోనూ, ప్రసవమైన తొలి వారాల్లోనూ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఒక కాలు హఠాత్తుగా వాచితే దాన్ని మామూలు కాళ్ల నీరు అనుకుని ఊరుకోవద్దు.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే చూశాను. కుడి కాలిని ఎత్తి పెట్టుకుంటే బరువు స్పష్టంగా తగ్గుతోంది, ఉదయానికి వాపు ఉండదు. సాయంత్రం కాలి ముందు ఎముక మీద వేలితో నొక్కి తీస్తే చిన్న గుంట పడి కాసేపు నిలుస్తోంది. ఎడమ కాలికి పడటం లేదు. దురద ఉన్నచోట చర్మం గట్టిపడలేదు కానీ కొంచెం గోధుమ రంగు తిరిగినట్లు ఉంది. చీలమండ అంచున, పాదం లోపలివైపు సన్నటి నీలి గీతలు విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. ఇంతకాలం వాటిని నేను పట్టించుకోలేదు. నడిస్తే నొప్పి రాదు, రక్తపోటు మందులు వాడటం లేదు.

డాక్టరు గారి చివరి ప్రశ్నకు జవాబు: అవును. చాలా ఏళ్ల క్రితం కుడి చీలమండ విరిగి వారాల తరబడి పిండికట్టు వేశారు. కట్టు విప్పాక కాలు బాగా వాచింది, కట్టు వల్లేనని అందరూ అన్నారు, మెల్లగా తగ్గింది. ఆ చీలమండ ఇప్పటికీ పూర్తిగా వంగదు. దీనికీ ఇప్పటి బాధకూ సంబంధం ఉంటుందా? పరీక్షకు వెళ్లేలోపు బిగుతు సాక్సులు కొని వేసుకోవచ్చా?

జవాబు (రక్తనాళాల శస్త్రవైద్యుడు)

సంబంధం ఉండే అవకాశం బలంగా ఉంది, రెండు దారుల్లో. పిండికట్టులో కదలకుండా ఉన్న కాలిలో లోతైన సిరలో రక్తం గడ్డకట్టి, ఎవరూ గుర్తించకుండానే కరిగిపోయి ఉండవచ్చు. గడ్డ కరిగినా దాని వల్ల దెబ్బతిన్న కవాటాలు బాగుపడవు. ఏళ్ల తరువాత అదే కాలిలో బరువు, వాపు, చర్మం రంగు మారడం కనిపిస్తాయి. రెండవది, చీలమండ కీలు పూర్తిగా వంగకపోతే పిక్క కండరం పూర్తిగా బిగుసుకోదు, కవాటాలు బాగున్నా రక్తం పైకి నెట్టే పని సగంలో ఆగిపోతుంది. కీలు కదలికను ఫిజియోథెరపీతో కొంత మెరుగుపరచవచ్చు. మీరు చూసిన విసనకర్ర ఆకారపు గీతలు చిన్న విషయం కాదు. వర్గీకరణను 2020లో సవరించినప్పుడు వాటిని చర్మ మార్పులతో కూడిన నాలుగవ దశలో చేర్చారు, అంటే వాపుకంటే పై మెట్టు. గోధుమ రంగు కూడా సిరల వల్లనే అయితే అదీ ఆ దశకే చెందుతుంది. కంగారు పడవలసిన అవసరం లేదు, కానీ వాయిదా వేయకండి.

మీకు చేయవలసింది డ్యూప్లెక్స్ డాప్లర్ స్కాన్, అంటే సిరల్లో రక్తం ఎటు ప్రవహిస్తోందో చూపే అల్ట్రాసౌండ్ పరీక్ష. రెండు కాళ్లకూ, పైసిరలకూ లోతైన సిరలకూ చేయించాలి. వెనక్కి జారే రక్తాన్ని చూడాలంటే మిమ్మల్ని నిలబెట్టి, పిక్కను నొక్కి వదిలి చూడాలి. పడుకోబెట్టి మాత్రమే చేసిన స్కాన్‌లో గడ్డ ఉందో లేదో తెలుస్తుంది గానీ కవాటాల సంగతి సరిగా తెలియదు. పైసిరలో రక్తం అర సెకను కంటే ఎక్కువసేపు, తొడలోనో మోకాలి వెనుకో ఉన్న పెద్ద లోతైన సిరలో ఒక సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి ప్రవహిస్తే కవాటాలు పనిచేయడం లేదని అర్థం. వీలైతే సాయంత్రం వేళ వెళ్లండి, వాపు వైద్యుడి కంటికి కూడా కనిపిస్తుంది. ఎముక విరిగిన సంగతి మీరే ముందుగా చెప్పండి, ఎందుకంటే ఎడమ కాలి నరాలు చూడగానే అందరి దృష్టీ దాని మీదకే పోతుంది.

కొన్ని లక్షణాలకు మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. ఒక కాలు కొద్ది గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో వాచిపోయి, పిక్క నొక్కితే నొప్పి పుట్టి, దాని చుట్టుకొలత రెండవ పిక్క కంటే 3 సెంటీమీటర్లకు మించి ఉంటే లోతైన సిరలో గడ్డ ఉందేమోనని అదే రోజు చూపించుకోవాలి. దానికి తోడు ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం కనిపిస్తే అది అత్యవసరం. మీ ఎడమ కాలిలో ఇప్పటికే ఉన్న నరం ఎర్రబడి, వేడెక్కి, తాకనివ్వనంత నొప్పితో గట్టిపడితే పైసిరలో గడ్డ కట్టినట్లు; లోతైన సిరలోని గడ్డకంటే దీని ప్రమాదం తక్కువే అయినా, గజ్జ దగ్గరికి పాకితే గానీ ఎక్కువ పొడవున ఉంటే గానీ రక్తం పలచబడే మందులు అవసరమవుతాయి.

రక్తస్రావం గురించి ఎవరూ అడగరు, అందుకే అడగకుండానే చెబుతాను. చర్మం పలచబడినచోట ఉబ్బిన సిర చిన్న గీతకే, ఒక్కోసారి స్నానం చేస్తుండగా ఏ నొప్పీ లేకుండానే, చిట్లి ధారగా కారుతుంది. భయపడి కుర్చీలో కూర్చుని కాలు కిందికి వేలాడేస్తే అది ఆగదు. వెంటనే పడుకుని కాలు గుండెకంటే ఎత్తుగా లేపి, శుభ్రమైన బట్టతో సరిగ్గా ఆ చోటే గట్టిగా అదిమి పట్టి, పది నిమిషాల పాటు తీసి చూడకుండా ఉంచాలి. పైన తాడుతో బిగించి కట్టవద్దు. ఆగినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి, ఆగకపోతే అంబులెన్సును పిలవాలి.

బిగుతు సాక్సుల విషయానికి వస్తే, ముందు ధమనులు చూపించుకోండి. పాదంలో నాడి చేతికి అందుతోందా అని చూసి, చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చే చిన్న పరీక్ష చేస్తారు. ధమనులు బాగా ఇరుకైన కాలికి గట్టి సాక్సు వేస్తే పాదానికి రక్తం అందక హాని జరుగుతుంది. మీకు నడకలో నొప్పి లేదు కాబట్టి ఆ అనుమానం తక్కువే, అయినా కొలతలు తీసుకోకుండా కొన్న సాక్సు మోకాలి కింద మడతపడి అక్కడే బిగించి మేలు చేయకపోగా బాధ పెంచుతుంది. అప్పటివరకు పాఠం చెప్పేటప్పుడు బల్లల మధ్య నడుస్తూ చెప్పండి. నిలబడక తప్పనప్పుడు మునివేళ్ల మీద లేచి దిగుతూ ఉండండి. రాత్రి మంచం పాదాల వైపు కాళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టి కొద్దిగా ఎత్తు చేసుకోండి. దురద ఉన్నచోట సబ్బు తగ్గించి, సువాసన లేని లేపనం రాయండి. గోళ్లు తగలనివ్వకండి.